పింగాణీ గొట్టంలో హైడ్రోజన్ – మన పేటకు వాటా ఎంత?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండర్రా అని వార్డెన్ గారు అడిగినప్పుడు మా గదిలో వచ్చిన మాటలు మామూలువే. ఒకడు అమ్మ మీద కవిత అన్నాడు, ఇంకొకడు కాలుష్యం అన్నాడు. కిందటి సంచిక తీసి చూస్తే అమ్మ మీద కవితలు పదకొండు, కాలుష్యం మీద వ్యాసాలు నాలుగు ఉన్నాయి. అందుకని బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్న మేము నలుగురం, ఏడాదిగా మా బుర్రల్లో తిరుగుతున్న విషయమే రాద్దామనుకున్నాము. అది హైడ్రోజన్. కాకినాడకు వస్తోందని పేపర్లలో రోజూ చదువుతున్న హైడ్రోజన్. ఆర్ట్స్ గ్రూపు సోదరులు ఇక్కడే పేజీ తిప్పేయవద్దని మనవి. ఫార్ములాలు తక్కువే రాస్తాము. మన పేటల సంగతి కూడా ఇందులో ఉంది.

మొదట ఒక మాట. కాకినాడకు హైడ్రోజన్ కొత్తగా రావడం లేదు. 1992లో నాగార్జున ఎరువుల కర్మాగారం మొదలైనప్పటి నుంచీ అది అక్కడ తయారైంది. గోదావరి జిల్లాల భూమిలోంచి తీసిన సహజవాయువును, అంటే మీథేన్‌ను, నీటి ఆవిరితో కలిపి, నికెల్ ఉత్ప్రేరకం మీదుగా 800 డిగ్రీలు దాటిన వేడిలో పంపిస్తే హైడ్రోజన్ విడుతుంది. దానికి గాలిలోని నైట్రోజన్ కలిపితే అమ్మోనియా. అమ్మోనియాకు కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. మన నాన్నలు సార్వాకీ దాళ్వాకీ భుజాన మోసిన బస్తా అదే.

ఒక బస్తాకు ఎంత హైడ్రోజన్ కావాలో మేము లెక్క వేశాము. ఇంటర్లో నేర్చుకున్న మోల్ లెక్కే, కష్టమేమీ కాదు. ఇప్పుడు బస్తా 45 కిలోలు. అందుకు కావలసిన అమ్మోనియా 25.5 కిలోలు. ఆ అమ్మోనియాలో హైడ్రోజన్ 4.5 కిలోలు. సరిగ్గా బస్తా బరువులో పదో వంతు. మెస్సులో మేము ఈ లెక్క చెబితే పక్క గది వాళ్లు నమ్మలేదు. మీరూ వేసి చూసుకోవచ్చు.

ఇప్పుడు వస్తున్నది వేరే రకం. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ప్రకటించింది. ఎండతోనూ గాలితోనూ పుట్టిన కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయాలన్నది అందులో ముఖ్యమైన ఆలోచన. 2024 ఆగస్టులో ఏఎం గ్రీన్ అనే సంస్థ, ఆ పాత ఎరువుల కర్మాగారం చోటనే ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా చేస్తామని పెట్టుబడి నిర్ణయం ప్రకటించింది. సరుకు ముఖ్యంగా విదేశాలకు ఓడల్లో వెళ్లడానికి. అంతవరకు బాగానే ఉంది. పొగ లేని పరిశ్రమ వస్తే కాదనేవాళ్లం కాము.

అయితే ఒక చిక్కు ఉంది. దాని గురించి సభల్లో ఎవరూ మాట్లాడగా మేము వినలేదు. యూరియా కావాలంటే అమ్మోనియా ఒక్కటే చాలదు, కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసినప్పుడు అది పక్కనే దొరుకుతుంది. నీటి నుంచి తీసినప్పుడు దొరకదు. నిజానికి గ్యాసుతో నడిచిన రోజుల్లోనే అది సరిపోయేది కాదు. అందుకే 2009లో కాకినాడ కర్మాగారంలో పొగలోంచి రోజుకు 450 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టుకునే ప్లాంటును జపాన్ మిత్సుబిషి వారి పద్ధతిలో పెట్టుకున్నారు. ఇక గ్రీన్ అమ్మోనియా అంటే ఎగుమతికి బాగుంటుంది గాని మన రైతు బస్తాలోకి నేరుగా రాదు. 2025 సార్వాలో యూరియా కోసం రాష్ట్రంలో చాలాచోట్ల రైతులు క్యూ కట్టారు. ఎరువు తయారైన చోట ఎగుమతి సరుకు తయారవుతుంది, ఎరువు మాత్రం ఇంకెక్కడి నుంచో రావాలి.

ఈ చిక్కు గురించి వెతుకుతుంటేనే మాకు పింగాణీ గొట్టం సంగతి తెలిసింది. ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచినది దాని గురించే.

వేసవిలో మన ఇళ్లల్లో మట్టికుండ చెమరుస్తుంది కదా. కుండ గోడలో కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి, నీరు వాటిలోంచి బయటకు వస్తుంది. పింగాణీ పొర కూడా అలాంటిదే అనుకుని మేము మొదట పొరపడ్డాము. కాదు. ఇందులో రంధ్రం ఉండకూడదు. ఒక్క రంధ్రం ఉన్నా పొర పనికిరాదు. పొర గట్టిగా, గాలి కూడా దూరనట్టుగా ఉంటుంది. అయినా హైడ్రోజన్ మాత్రం దాటుతుంది. ఎలాగంటే, హైడ్రోజన్ పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను విడిచి ఉత్త ప్రోటాన్‌గా మారి, స్ఫటికంలోని ఒక ఆక్సిజన్ నుంచి పక్క ఆక్సిజన్‌కు గెంతుకుంటూ పోతుంది. వరిచేల మధ్య గట్టు నుంచి గట్టుకు గెంతే పిల్లవాడిలాగ అన్నమాట. అవతల వైపుకు వెళ్లాక ఎలక్ట్రాన్‌ను తిరిగి తీసుకుని హైడ్రోజన్ వాయువైపోతుంది. మీథేన్ దాటలేదు, కార్బన్ డయాక్సైడ్ దాటలేదు. వేడి పింగాణీలో ప్రోటాన్లు ఇలా నడుస్తాయని 1981లో జపాన్ శాస్త్రవేత్త ఇవహారా బృందం చూపించింది.

ఇప్పుడు ఈ పింగాణీని గొట్టంగా చేసి, లోపల మీథేన్, నీటి ఆవిరి పంపుతారు. గొట్టం లోపలి వైపున నికెల్ ఉంటుంది, చర్య అక్కడే జరుగుతుంది. పుట్టిన హైడ్రోజన్ పుట్టినట్టే కరెంటు తోపుడుతో గొట్టం గోడ దాటి బయటకు పోతుంది. ఇక్కడ మన లీ షాట్లియర్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. తయారైన వస్తువును ఎప్పటికప్పుడు తీసేస్తుంటే చర్య ముందుకే నడుస్తుంది. పరీక్షలో నాలుగు మార్కులకు బట్టీ పట్టిన సూత్రం ఒక గొట్టం లోపల పని చేస్తోందని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంకో మేలు కూడా ఉంది. మామూలు కర్మాగారంలో ఒకచోట ఆవిరితో చర్య, ఇంకొకచోట కార్బన్ మోనాక్సైడ్‌ను మార్చడం, మరొకచోట వాయువులను వేరు చేయడం, చివరకు పంపుతో వత్తిడి పెంచడం – ఇవన్నీ వేరు వేరు టవర్లలో చేస్తారు. ఈ గొట్టంలో నాలుగు పనులూ ఒక్కచోటే అవుతాయి. కరెంటు ప్రోటాన్లను తోసేటప్పుడు పుట్టే వేడే లోపలి చర్యకు కావలసిన వేడిగా పనికొస్తుంది.

నార్వేలో కూర్స్‌టెక్ సంస్థ, ఓస్లో విశ్వవిద్యాలయం, స్పెయిన్ పరిశోధకులు కలిసి 2017లో ఒక్క గొట్టంతో దీన్ని చూపించారు. 2022 ఏప్రిల్‌లో 'సైన్స్' పత్రికలో 36 సెల్స్ జతచేసిన రియాక్టర్ గురించి రాశారు. సహజవాయువు, బయోగ్యాస్, అమ్మోనియా మూడింటి నుంచీ 99 శాతానికి పైగా హైడ్రోజన్ రాబట్టారు. రోజుకు వచ్చింది 0.34 కిలోలు.

0.34 కిలోలు అని చదివి మాలో ఒకడు నవ్వాడు. నవ్వదగిన అంకె అని మేమూ ఒప్పుకుంటాము. ఆ లెక్కన ఒక్క యూరియా బస్తాకు సరిపడే హైడ్రోజన్ రావాలంటే ఆ రియాక్టరు 13 రోజులు నడవాలి. కాకినాడలో చెబుతున్న 10 లక్షల టన్నుల అమ్మోనియాకు రోజుకు సుమారు 480 టన్నుల హైడ్రోజన్ కావాలి. అంటే అలాంటివి 14 లక్షల రియాక్టర్లు. కాబట్టి రేపే పింగాణీ గొట్టాలతో కాకినాడ నడుస్తుందని మేము చెప్పడం లేదు. అలా చెప్పేవాళ్లుంటే నమ్మవద్దు.

మరి ఎందుకు రాస్తున్నామంటే, అది చిన్నదిగా ఉండటమే మన ప్రాంతానికి పనికొస్తుందని మా అభిప్రాయం. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. 10 లక్షల టన్నుల అమ్మోనియాకు ఏడాదికి 880 కోట్ల యూనిట్లు దాటుతుంది. అది పెద్దవాళ్ల ఆట. మన గోదావరి జిల్లాల్లో దొరికేది వేరు. కోసిన చేలల్లో తగలబెట్టే వరిగడ్డి ఉంది, కోళ్లఫారాల పెంట ఉంది, రొయ్యల ఫ్యాక్టరీల వ్యర్థం ఉంది. వీటి నుంచి వచ్చే బయోగ్యాసులో సుమారు 60 పాళ్లు మీథేన్, 40 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. దీన్ని ఆ గొట్టంలోకి పంపితే ఒకవైపు హైడ్రోజన్, ఇంకొకవైపు దాదాపు కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే మిగులుతాయి. మేము లెక్క కట్టి చూస్తే, ఆ హైడ్రోజన్‌తో అయ్యే అమ్మోనియాను యూరియాగా మార్చడానికి కావలసినంత కార్బన్ డయాక్సైడ్ అందులోనే ఉంది, కొంచెం మిగులుతుంది కూడా. సహజవాయువుతో అలా సరిపోదు, పైన 2009 సంగతి అందుకే చెప్పాము. పైగా గడ్డిలోని కార్బన్ గాలి నుంచి వచ్చిందే, తిరిగి గాలిలోకే పోతుంది. భూమిలోంచి తీసిన గ్యాసును ఈ గొట్టంలో వాడి, మిగిలిన కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదిలేస్తే మాత్రం అందులో పచ్చదనం ఏమీ లేదు. పాత పద్ధతిలో కిలో హైడ్రోజన్‌కు 9 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఇందులో 5.5 కిలోలు వస్తుంది. తక్కువే గాని సున్నా కాదు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. బయోగ్యాసులో కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ నికెల్‌ను పాడుచేస్తుంది, ముందే శుభ్రం చేయాలి. పింగాణీ వేడెక్కి చల్లారేటప్పుడు పగులుతుంది. అందులోని బేరియం కార్బన్ డయాక్సైడ్‌తో కలిసిపోయే గుణం కలది, జిర్కోనియం ఎక్కువ వేస్తే కొంత తట్టుకుంటుంది. చిన్న స్థాయిలో అమ్మోనియా చేయడమూ చవక కాదు. ఇవన్నీ తేలాలంటే ఎవరో ఒకరు ఇక్కడ చేసి చూడాలి. ఆ ఎవరో మనం ఎందుకు కాకూడదు?

ఆ పింగాణీలో ఏముందో చూడండి. బేరియం, జిర్కోనియం, సీరియం, ఇట్రియం. బేరియం ఇచ్చే ముగ్గురాయికి మన రాష్ట్రంలోని మంగంపేట ప్రపంచంలోనే పేరున్న గని. జిర్కోనియం ఇచ్చే జిర్కాన్, సీరియం ఇచ్చే మోనజైట్ మన కోస్తా ఇసుకలో ఉన్నాయి. జిర్కాన్ నుంచి జిర్కోనియం తీసే న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ హైదరాబాదులో ఉంది. పింగాణీ పొడుల మీద పని చేసే ఏఆర్‌సీఐ కూడా అక్కడే ఉంది. ద్వారకా తిరుమల చుట్టుపక్కల తవ్విన బాల్ క్లే ఏనాటి నుంచో పింగాణీ పరిశ్రమలకు లారీల్లో వెళ్తోంది. మట్టి మనది, ఇసుక మనది, గడ్డి మనది. గొట్టం చేయడం మాత్రం నార్వే వాళ్లకు తెలుసు.

నీళ్ల గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాము. గోదావరి నీళ్లన్నీ హైడ్రోజన్‌కు పోతాయని ఊళ్లల్లో కొందరు భయపడుతున్నారు. కిలో హైడ్రోజన్‌కు 9 కిలోల నీరు విడగొట్టాలి. రోజుకు 480 టన్నులంటే 43 లక్షల లీటర్ల పైచిలుకు. శుద్ధి చేయడానికీ చల్లార్చడానికీ కలిపి దానికి రెండు మూడు రెట్లు వేసుకున్నా, ఏడాది మొత్తం మీద వెయ్యి ఎకరాల వరి ఒక పంటలో తాగే నీటికి అటూ ఇటూగా ఉంటుంది. కాటన్ దొర ఆనకట్ట కింద సాగయ్యే లక్షల ఎకరాల్లో అది ఎంత? నీటి భయం కన్నా వేరే భయం ఉండాలని మేము అనుకుంటున్నాము.

ఆ భయం పైపులది. మాలో ఒకడిది మామిడికుదురు మండలం. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గ్యాస్ పైపు లైను పేలినప్పుడు వాడు మూడో తరగతి. ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాసుతో పాటు వచ్చిన తేమ వల్ల పైపు లోపలి నుంచి తుప్పు పట్టిందని తేలింది. కాలిన కొబ్బరిచెట్లు చాలాకాలం అలాగే నిలబడి ఉన్నాయని వాడు చెబుతాడు, అంతకు మించి చెప్పడు, మేమూ అడగము. మా పెద్దవాళ్లకైతే 1995 జనవరిలో మొదలై 65 రోజులు మండిన పాశర్లపూడి మంట జ్ఞాపకం ఉంది. రాత్రిళ్లు ఊళ్లల్లో దీపం అక్కర్లేకపోయిందని అమ్మమ్మలు చెబుతారు.

హైడ్రోజన్ ఇంకా గడుసుది. దాని అణువు చాలా చిన్నది, చిన్న సందు ఉన్నా కారిపోతుంది. కొన్ని రకాల ఉక్కులోకి చొరబడి పెళుసుగా చేస్తుంది. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత ఉన్నా అంటుకుంటుంది, మీథేన్‌కైతే 5 నుంచి 15 శాతమే. పగటి పూట దాని మంట కంటికి ఆనదు. తేలిక కాబట్టి ఆరుబయట త్వరగా పైకి పోతుందన్నది ఒక్కటే ఊరట. అమ్మోనియా సంగతి రొయ్యల ఫ్యాక్టరీల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు తెలుసు. ఐస్ ప్లాంటులో లీకైతే తడిగుడ్డ మూతికి కట్టుకుని పరుగెత్తడం వాళ్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఇక వాటా సంగతి. మాలో ఒకడి ఊళ్లో గ్యాస్ పైపు వేసినప్పుడు నష్టపరిహారం భూమి ఉన్నవారికి ఇచ్చారు. చట్టం అలాగే ఉందట. పైపు పోయింది మాత్రం పేట పక్క నుంచి. పేటలో ఎవరికీ సెంటు భూమి లేదు. కాబట్టి ఎవరికీ రూపాయి రాలేదు. ప్రమాదం వస్తే ముందు కాలేది పేట. అడగడానికి వెళ్తే "మీ భూమి పోలేదు కదయ్యా" అన్నారు. ఆ మాటకు బదులు చెప్పడం మా పెదనాన్నకు ఆ రోజు తెలియలేదు. ఇప్పుడు మేము చెబుతున్నాము. భూమి పోలేదు నిజమే, పైపు పక్కన నిద్రపోయేది మేమే. పైపుకు ఇంత దూరంలో ఇల్లున్న ప్రతి కుటుంబానికీ, పట్టా ఉన్నా లేకపోయినా, బీమా ఉండాలి. గ్యాస్ వాసన వస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో రాసిన బోర్డు పేట మొదట్లో ఉండాలి. హైడ్రోజన్ పైపు ఒక్కటైనా వేయకముందే ఇది జరగాలి.

ఉద్యోగాల విషయంలో కూడా ఇంతే. మా సీనియర్ ఒకన్న ఐటీఐ ఫిట్టర్ పాసై ఒక కాంట్రాక్టరు దగ్గరికి వెళ్తే అనుభవం ఉందా అన్నారు. అనుభవం కోసం ఇంకోచోటికి వెళ్తే మీ ఊరివాళ్లను తీసుకుంటే సెలవులు ఎక్కువ పెడతారన్నారు. ఇప్పుడు ఆ అన్న దింపుకు వెళ్తున్నాడు. హైడ్రోజన్ పైపుకు అతుకు వేయడం, లీకు పరీక్షించడం, ఎలక్ట్రోలైజరు నడపడం, పింగాణీ గొట్టం కాల్చడం – ఇవన్నీ నేర్పితే వచ్చే పనులే. ఫ్యాక్టరీ కట్టేలోపు రెండేళ్ల కోర్సు పూర్తవుతుంది. గోదావరి జిల్లాల ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో ఈ కోర్సులు పెట్టి, సీట్లలో సంక్షేమ హాస్టళ్ల విద్యార్థులకు వాటా చూపించాలని మేము కోరుతున్నాము. మట్టి మోసే పనికి మాత్రం స్థానికులు, మీట చూసే పనికి బయటివారు అనే పద్ధతి ఇక చాలు.

మా హాస్టలు వెనుక ఒక గోబర్ గ్యాస్ తొట్టి ఉంది. ఎప్పుడు కట్టారో ఎవరికీ తెలియదు, మేము వచ్చేసరికే అందులో తుమ్మమొక్క మొలిచి ఉంది. మెస్సులో రోజూ మిగిలే అన్నం, కూరగాయల తొక్కలు బకెట్ల లెక్కన బయట పారబోస్తున్నారు. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ తొట్టి బాగుచేస్తామని వార్డెన్ గారిని అడిగాము. ముందు తుమ్మమొక్క పీకండి చూద్దాం అన్నారు. పీకేశాము. చేతులు గీరుకున్నాయి గాని తొట్టి గోడలు గట్టిగానే ఉన్నాయి, డోము మాత్రం ఒకచోట పగిలింది.

పింగాణీ బిళ్ల చేసి చూద్దామని కూడా ప్రయత్నించాము. కాలేజీ ల్యాబులోని ఫర్నేసు 900 డిగ్రీలు దాటదు, ఆ పింగాణీకి 1500 పైన కావాలి. అందుకని మామూలు మట్టి బిళ్ల చేసి కుమ్మరి తాతగారి ఆవంలో కాల్పించాము. నీళ్లు పోస్తే చెమర్చింది. తాతగారు చూసి, "కుండకు ఇదే కదా మంచి గుణం, మీకెందుకు బెంగ" అన్నారు.

ఈ వ్యాసంలోని లెక్కలన్నీ మేము చేతితో వేసినవి, మాస్టారు ఒకసారి చూశారు. ఎక్కడైనా తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా 14వ నంబరు గది తలుపు కొట్టండి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక నలుగురం ఉంటాము.